గగన్ మహల్‌కు నీళ్లు తెచ్చింది ఎవరు?

(పెనుకొండలో జరిగిన రైతు సంఘం శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున తరగతులు మొదలు కాకముందే మనలో కొంతమందిమి కోట లోపలికి నడిచిపోయి గగన్ మహల్ చూసి వచ్చినాం. హిందూపురం వైపు నుంచి వచ్చిన పిల్లోడు ఒకడు దారిలో అడిగినాడు. "రైతు సంఘం మీటింగుకు పిలిచి రాజుల బంగళా చూపిస్తారేంది అన్నా? మనకు దీంతో పనేముంది?" అన్నాడు. మంచి ప్రశ్న. ఈ పూట మా మాటలన్నీ ఆ ప్రశ్నకు జవాబే అనుకోండి.

మనకు దాంతో పని ఉంది. ఆ మహల్ మీద పెట్టిన ప్రతి రూపాయి, అప్పటి లెక్కలో ప్రతి వరహా, ఈ చుట్టుపక్కల మళ్లలోంచి, చేలలోంచి పోయిందే. రాజుల కథ చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. టికెట్ కొంటే చెప్పేవాళ్లు ఉన్నారు, సినిమా తీసి చెప్పేవాళ్లు ఉన్నారు. ఆ బంగళాకు బువ్వ పెట్టినవాళ్ల కథ మనం చెప్పుకోకపోతే ఎవరూ చెప్పరు.

ముందు ఆ కట్టడం సంగతి. రెండంతస్తుల మిద్దె. కమాన్లు, గుండ్రటి పైకప్పులు చూస్తే తురకల పనితనం. పైన మెట్లు మెట్లుగా లేచిన గోపురం చూస్తే గుడి పనితనం. హంపీలో కమల మహల్ చూసినవాళ్లకు ఇది దాని చుట్టమే అని వెంటనే తెలుస్తుంది. రెండు రకాల మేస్త్రీలు ఒక గోడ మీద కలిసి పని చేసినారు. మతం పేరుతో జనాన్ని విడదీసే మాటలు ఊర్లలోకి వస్తున్న ఈ రోజుల్లో ఆ గోడను ఒకసారి తాకి చూడడం మంచిదే. అదే పెనుకొండలో పార్శ్వనాథుని జైన గుడి ఉంది, రాముని గుడి, శివుని గుడి పక్కపక్కనే ఉన్నాయి, షేర్ ఖాన్ మసీదు ఉంది, బాబయ్య దర్గా ఉంది. ఉరుసుకు మన ఊర్ల నుంచి ఎవరెవరు పోతారో మీకు తెలుసు. కులం మతం అడగకుండా పోతారు.

పెనుకొండ కోట బుక్కరాయల కాలం నాటిది. 1354లో, బుక్కరాయల కొడుకు విరూపణ్ణ ఈ సీమను ఏలుతున్నప్పుడు, మంత్రి అనంతరసు ఈ కోట కట్టించినాడని శాసనం ఉంది. అంటే విజయనగరం పుట్టిన ఇరవై ఏళ్లలోపే ఇక్కడ కోట లేచింది. హంపీ తర్వాత వాళ్లకు ఇదే రెండో ఊరు. ఎండాకాలం వస్తే రాజకుటుంబం ఇక్కడికి దిగేది. హంపీ బండల వేడి మీకు తెలియనిది కాదు. అక్కడితో పోలిస్తే ఇక్కడ కొండ నీడ, కొండ గాలి, కొండ కింద చెరువు. గగన్ మహల్ ఆ వేసవి విడిదే. డబ్బున్నోళ్లు ఎండాకాలం ఊటీకి పోయినట్టు అప్పటి రాయలవారు పెనుకొండకు వచ్చేవారు.

ఆ తర్వాత ఒక రోజు ఆ వేసవి విడిదే రాజధాని అయిపోయింది. 1565 జనవరిలో తళ్లికోట యుద్ధం జరిగింది. అళియ రామరాయలు యుద్ధభూమిలోనే చనిపోయినాడు. ఆయన తమ్ముడు తిరుమలరాయలు ఖజానాను ఏనుగుల మీద ఎక్కించుకొని, పేరుకు రాజైన సదాశివరాయలను వెంటబెట్టుకొని పెనుకొండ దారి పట్టినాడు. హంపీ తగలబడుతుంటే ఈ కొండ కింద కొత్త దర్బారు మొదలైంది. రామరాజభూషణుడు "వసుచరిత్ర" అంకితం ఇచ్చింది ఈ తిరుమలరాయలకే. బీజాపూరు సైన్యం వచ్చింది, గోల్కొండ సైన్యం వచ్చింది, ముట్టడులు జరిగినాయి. చివరికి వెంకటపతిరాయల కాలంలో రాజధాని చంద్రగిరికి పోయింది. పెనుకొండలో మహల్ మిగిలింది, కోట గోడ మిగిలింది, చెరువు మిగిలింది. జనమూ మిగిలినారు. రాజధానితో పాటు పోయే వీలు రైతుకు ఉండదు కదా. ఏనుగు మీద ఖజానా ఎక్కుతుంది గానీ మడి ఎక్కదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. ఈ బంగళా ఖర్చు ఎవరు మోసినారు?

అచ్యుతరాయల కాలంలో నూనిజ్ అనే పోర్చుగీసు వ్యాపారి విజయనగరంలో ఉండి, చూసినదీ విన్నదీ రాసి పెట్టినాడు. దేశమంతా నాయకుల చేతుల్లో ఉండేదని, వాళ్లు రైతుల దగ్గర వసూలు చేసి అందులో సగం రాజుకు కట్టేవారని రాసినాడు. రైతు పండించినదాంట్లో పది భాగాలకు తొమ్మిది భాగాలు పైవాళ్లకే పోయేదని కూడా రాసినాడు. చరిత్రకారుల్లో చాలామంది ఈ తొమ్మిది భాగాల లెక్క ఎక్కువ చేసి చెప్పిందే అంటారు. అట్లా పోతే మరుసటి ఏడాది విత్తనానికి కూడా మిగలదు కదా. సరే, సగమే అనుకుందాం. సగం ఇచ్చి బతికిన కౌలు రైతులు ఈ హాల్లోనే ఎంతమంది కూర్చున్నారో చేతులెత్తమంటే తెలుస్తుంది. పన్ను మోయలేక ఊరికి ఊరే ఖాళీ చేసి పోయిన సంగతులు, పన్ను తగ్గిస్తే తిరిగి వచ్చిన సంగతులు ఆ కాలం శాసనాల్లోనే ఉన్నాయి. ఇప్పుడు మనవాళ్లు బెంగుళూరుకు వలస పోతే "కొత్తగా వచ్చిన అలవాటు" అంటారు. కొత్తది కాదు, మన తాతముత్తాతల తిరుగుబాటు కూడా అదే. దున్నేవాడు లేకపోతే పన్ను యాడి నుంచి వస్తుంది?

లేపాక్షి కథ మీ అందరికీ తెలుసు. అచ్యుతరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు ఆ గుడి కట్టించినారు. విరూపణ్ణ పెనుకొండలో ఖజానా చూసే అధికారి. ఖజానా సొమ్ము గుడికి వాడినాడని రాజుకు ఫిర్యాదు పోయిందట. శిక్ష రాకముందే తన కండ్లు తానే పీకి గోడకేసి కొట్టుకున్నాడట. ఆ మరకలు ఇవే అని గోడ మీద ఎర్రటి గుర్తులు చూపిస్తారు. ఇది జనం చెప్పుకునే కథ, జరిగిందో లేదో మనం తేల్చలేం. అయితే ఆ కథలో ఒక సంగతి చూడండి. ఖజానా సొమ్ముకు లెక్క చెప్పాలి అనే మాట అయిదువందల ఏండ్లుగా మన జనం నోట్లో ఉంది. ఆ సొమ్ము పెట్టినవాళ్లు ఎవరనేది మాత్రం కథలో లేదు. ఆ గుడి పైకప్పు బొమ్మల్లోని చీరల అంచులు చూసి ధర్మవరం నేతగాళ్లు డిజైన్లు తీసుకున్నారని అందరూ గొప్పగా చెప్తారు. ఆ బొమ్మల్లో పట్టు కట్టినవాళ్లు ఉన్నారు. పట్టు నేసినవాడు బొమ్మలో లేడు, మల్బరీ ఆకు కోసిన ఆడమనిషి అంతకన్నా లేదు.

ఇంతవరకు చెప్పింది ఒక పక్క. రెండో పక్క కూడా చెప్పాలి. ఒక్క పక్కే చెప్తే అది మీటింగు మాట అవుతుంది గానీ చరిత్ర కాదు.

ఆ రాజులు పన్ను తీసుకున్నారు. తీసుకున్నదాంట్లో కొంత నీళ్ల మీద పెట్టినారు. ఎందుకంటే వాళ్లకు ఒక సంగతి తెలుసు. వానను నమ్ముకుంటే ఈ సీమలో ఖజానా నిండదు.

1388లో ఒక పని జరిగింది. అప్పుడు హరిహరరాయలు చక్రవర్తి, ఆయన కొడుకు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో ఉండి ఈ సీమను ఏలుతున్నాడు. పెన్న నీళ్లు పెనుకొండకు తేవాలని ఆయన సింగయభట్టు అనే నీటి పనుల నిపుణుడికి చెప్పినాడు. సింగయభట్టు గౌరిబిదనూరు దగ్గర కల్లూడి నుంచి శిరువెర చెరువుకు కాలువ తీసి నీళ్లు పారించినాడు. ఆ కాలువకు రాజు పేరే పెట్టినారు. ఈ సంగతి చెప్పే శాసనం గౌరిబిదనూరు తాలూకాలోనే ఉంది. నీళ్లే ప్రాణం కాబట్టి ప్రజలు సుఖంగా ఉండాలని ఈ పని చేయించినట్టు అందులో రాయించినారు. రాజు ఉద్దేశం ఎంత మంచిదో మనకు తెలియదు గానీ, రాతి మీద రాసిన మాట మాత్రం మనకు పనికొస్తుంది. ప్రజల సుఖం కోసం నీళ్లు తేవడం ఏలేవాడి పని అని ఆరువందల ఏండ్ల కిందటే ఒప్పుకున్నారు.

ఇంకొకటి, కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు. 1369లో బుక్కరాయల ఇంకో కొడుకు భాస్కరుడు కట్టించినాడు. ఆ చెరువు దగ్గరి శాసనం చదివితే ఇంజనీరింగు పుస్తకం చదివినట్టు ఉంటుంది. మంచి చెరువుకు ఏమేమి ఉండాలో పన్నెండు లక్షణాలు, ఏమేమి ఉండకూడదో ఆరు దోషాలు చెక్కించినారు. అన్నిటికన్నా మనకు ముఖ్యమైన సంగతి వేరే ఉంది. ఆ పనికి రోజూ వెయ్యిమంది కూలీలు పని చేసినారని, రాళ్లు తోలడానికి వంద బండ్లు నడిచినాయని, రెండేండ్లు పట్టిందని కూడా అందులోనే ఉంది. కూలీల లెక్క రాతికెక్కించిన శాసనాలు అరుదు. వెయ్యిమంది అంటే రెండు మూడు ఊర్ల జనం. వాళ్లలో ఒక్కరి పేరూ మనకు తెలియదు.

మన పక్కనే చూడండి. చిత్రావతి మీద బుక్కపట్నం చెరువు, దాని కింద ధర్మవరం చెరువు. బుక్కపట్నం పేరులోనే బుక్కరాయలు ఉన్నాడు. క్రియాశక్తి ఒడయరు ధర్మవరం చెరువు కట్టించి, తల్లి ధర్మాంబ పేరు ఊరికి పెట్టినాడని చెప్తారు. అంటే ధర్మవరం అనే ఊరు ముందు పట్టుచీరల ఊరు కాదు, చెరువు కింది ఊరు. చెరువుంటే వరి, వరి ఉంటే జనం, జనం ఉంటే మగ్గం. వరుస అది.

చెరువులు కట్టడం ఒక ఎత్తు, నిలబెట్టుకోవడం ఇంకో ఎత్తు. దానికి అప్పట్లో దశబంధం అనే ఏర్పాటు ఉండేది. చెరువు కట్టినవాడికి, మరమ్మతు చేసేవాడికి ఆ చెరువు కింద పన్ను లేని మాన్యం ఇచ్చేవాళ్లు. చెరువు బాగుంటేనే ఆ మాన్యం పండుతుంది, తెగితే ఆయన మడీ ఎండుతుంది. ఊర్లో నీరుగంటి ఉండేవాడు. ఎవరి మడికి ఎన్ని గడియలు నీళ్లో ఆయన చెప్పింది చెల్లేది. ఇందులో కులం పెత్తనం లేదని మేము అనడం లేదు. ఉంది. చివరి మడి ఎప్పుడూ దళితులదే అయ్యేది, నీళ్లు చివరికే వచ్చేవి, కట్టకు మట్టి మోసేటప్పుడు మాత్రం పిలుపు వాళ్లకే మొదట వచ్చేది. ఆ రోజులు తిరిగి రావాలని మనం కోరుకోవడం లేదు. చెరువు మంచి చెడ్డ చూసే మనిషి ఊర్లోనే ఉండేవాడని మాత్రం గుర్తు చేస్తున్నాం.

ఆ ఏర్పాటు ఎట్లా చెడిందో వేగంగా చెప్తాం. రాయల తర్వాత బీజాపూరు వాళ్లు, పాలెగాళ్లు, గుత్తి మురారిరావు, హైదరు, టిప్పు ఒకరి తర్వాత ఒకరు వచ్చినారు. హిందూపురం పేరు మురారిరావు తండ్రి హిందూరావు పేరు మీద వచ్చిందే. 1800లో నిజాం ఈ జిల్లాలను ఇంగ్లీషు కంపెనీకి దత్తం చేసినాడు. థామస్ మన్రో కలెక్టరుగా వచ్చినాడు. ఎనభైమంది దాకా పాలెగాళ్లను అణచినాడు, చేను చేనుకూ కొలతలు వేయించి రైత్వారీ పద్ధతి తెచ్చినాడు. మన్రో దొర మీద మన పల్లెల్లో ఇప్పటికీ మంచి మాటే వినబడుతుంది. ఈ పన్ను రైతు మోయలేడు, నాలుగో వంతు తగ్గించండని 1807లో ఆయనే పైవాళ్లకు రాసినాడు. పైవాళ్లు అప్పుడు వినలేదు. కంపెనీకి బంగళా ఇక్కడ లేదు, లండన్‌లో ఉంది. అంతే తేడా.

పన్ను రైతుకూ సర్కారుకూ మధ్య సంగతి అయిపోయినాక చెరువు ఎవరిదీ కాకుండా పోయింది. 1858లో ఇనాం కమిషన్ వచ్చి మాన్యాల లెక్కలు తిరగేసింది. అదే ఏడాది కుడిమరామత్తుకు, అంటే ఊరివాళ్లే చెరువు పని చేసుకోవడానికి, నిర్బంధ చట్టం చేసినారు. మాన్యాల పునాది కదిలించి పనిని మాత్రం చట్టం చేసినారు. ఇరవై ఏండ్లు తిరక్కుండానే 1876-78 కరువు వచ్చింది. ఈ సీమలో శవాలు తీసేవాళ్లు కూడా లేని ఊర్ల సంగతి మన ముసలివాళ్లు వాళ్ల ముసలివాళ్ల దగ్గర విన్నారు. అనంతపురం జిల్లా పుట్టింది ఆ కరువు తర్వాతే, 1882లో.

సింగయభట్టు కాలువ తీసిన పెన్నకు తర్వాత రాష్ట్రాల గొడవ కూడా తోడైంది. 1892లో మద్రాసుకూ మైసూరుకూ ఒప్పందం కుదిరింది. పెన్న, చిత్రావతి లాంటి నదుల మీద పైన కొత్త చెరువు కట్టాలంటే కింది రాష్ట్రం ఒప్పుకోవాలి. కాగితం ఉంది. నీళ్లు మాత్రం హిందూపురం దగ్గర ఇసుకలోనే కనబడతాయి, అది కూడా ఇసుక మిగిలిన చోట.

ఇక మన కాలం. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది. చెరువులు పోయినాక బోర్లు వచ్చినాయి. బోర్లు ఎండినాక అప్పులు మిగిలినాయి. ఆ సంగతి ఈ హాల్లో ఎవరికీ చెప్పాల్సిన పని లేదు.

హంద్రీ-నీవా కోసం మన సంఘాలు, మన పార్టీలు, మన జనం ఎన్నేండ్లు పాదయాత్రలు చేసినారో గుర్తుందా? శ్రీశైలం వెనక నీళ్ల నుంచి 40 టీఎంసీలు ఎత్తి, 6 లక్షల 2 వేల 500 ఎకరాలకు ఇవ్వాలని ఆ పథకం. 2016లో ఇదే పెనుకొండ మండలం గొల్లపల్లి రిజర్వాయరుకు కృష్ణా నీళ్లు వచ్చినాయి. ఆ రోజు కట్ట మీద నిలబడి కొబ్బరికాయలు కొట్టినవాళ్లలో మనమూ ఉన్నాం. కొండల మీదుగా ఎత్తి తెచ్చిన కృష్ణమ్మను చూసి ముసలోళ్లు ఏడ్చినారు. మరుసటి ఏడాది ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీకి ఒప్పందం జరిగింది. సుమారు 600 ఎకరాలు పోయినాయి. ఫ్యాక్టరీకి నీళ్లు గొల్లపల్లి నుంచి. 2019కి కార్లు బయటికొచ్చినాయి.

ఫ్యాక్టరీ వద్దని మేము అనడం లేదు. మన పిల్లోళ్లు కొందరు అందులో పని చేస్తున్నారు, నెలనెలా జీతం తెస్తున్నారు, దాంతో ఇండ్లలో పొయ్యి వెలుగుతోంది. మా ప్రశ్న వేరే. రిజర్వాయరు నుంచి ఫ్యాక్టరీకి పైపు వేయడానికి పట్టిన కాలమెంత? అదే నీళ్లు చేలకు పారే పిల్ల కాలువలు తవ్వడానికి పడుతున్న కాలమెంత? చాలా చోట్ల పెద్ద కాలువ పక్కనే నిలబడి నీళ్లు పోతుంటే చూసే గతి మనది. అప్పటి మహల్‌కు నీళ్లు పోయినాయి, మడికీ పోయినాయి. ఇప్పుడు ముందు ఎక్కడికి పోవాలి, తర్వాత ఎక్కడికి పోవాలి అనేది ఎవరు తేలుస్తున్నారు? ఆ తేల్చే చోట మనవాడు ఒకడన్నా కూర్చున్నాడా?

చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరు మీద 8,844 ఎకరాలు కేటాయించిన సంగతి మీకు తెలుసు. చెప్పిన పరిశ్రమలు రాలేదు. వ్యవహారం కోర్టుల పాలైంది. విరూపణ్ణ కథలో అయితే ఖజానాకు లెక్క అడిగితే గోడ మీద కండ్ల మరకలైనా పడినాయి. అక్కడ నేల అమ్ముకున్న రైతులు ఈ రోజుకూ కంచె బయట నిలబడి కంప చెట్లు చూస్తున్నారు.

పైవాళ్లను ఇన్ని మాటలు అన్నాం కదా, ఇప్పుడు మా సంగతి కూడా చెప్తాం. చెప్పకపోతే తప్పవుతుంది.

మా ఊరికి ఒక చెరువు ఉంది. పెద్దది కాదు. రెండు తూములు, ఒక మరువ. మరువ పారడం చూసి చాలా ఏండ్లయింది. వంక నుంచి చెరువుకు వచ్చే కాలువకు అడ్డంగా రోడ్డు వేసినారు, కింద పైపు పెట్టలేదు. మేము సంఘం తరఫున ఆఫీసుల చుట్టూ తిరిగినాం, అర్జీలు ఇచ్చినాం, ఒక రోజు ధర్నా కూడా చేసినాం. ఒక ఆఫీసులో ఒకాయన, "సరే, పటం తీసుకురండి, కాలువ యాడుందో చూపించండి" అన్నాడు. మమ్మల్ని పంపించేయడానికే అన్నాడని మాకు కోపం వచ్చింది. పంతానికి పోయి సర్వే పటం తీయించినాం, కొలత గొలుసు పట్టుకొని కాలువ పొడుగునా నడిచినాం.

పటంలో కాలువ పదకొండు గజాల వెడల్పు ఉంది. నేల మీద మూడు గజాలు కూడా లేదు. మిగతా ఎనిమిది గజాలు యాడికి పోయినాయి? ఒక పక్క చేను మా సంఘం కోశాధికారిది. ఇంకో పక్క చేను మాలోనే ఇంకొకరిది. చెరువు లోపల పోరంబోకులో శెనక్కాయ వేసినవాళ్లలో సగం మంది ధర్నాలో మా పక్కన కూర్చున్నవాళ్లే. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

మూడు రాత్రులు గుడి ముందర కూర్చున్నాం. మాటలు పెరిగినాయి. "రోడ్డేసినోణ్ని వదిలేసి మా మీద పడతారా" అన్నారు. "ఎప్పటి నుంచో మా నాయన సాగు చేసిన నేల" అన్నారు. ఇద్దరు సంఘం కార్డు తెచ్చి ముందర పడేసినారు. మూడో రాత్రి ఒక అవ్వ లేచింది. ఆమెకు సెంటు భూమి లేదు, ఎప్పుడూ కూలికి పోయే మనిషి. "నాయనా, మీ తాతలు ఆ కాలువ తవ్వుతుంటే మా అమ్మ మట్టి మోసింది. మోసిన మట్టి మీద మీరు శెనక్కాయ ఏసుకొని, ఆఫీసు ముందర కూర్చుంటే ఎవురు నమ్ముతారు రా మిమ్మల్ని?" అనింది. ఇంకెవరూ మాట్లాడలేదు.

కోశాధికారి తన గట్టు తానే తవ్వించినాడు. అది చూసి మిగతావాళ్లు ఒకరొకరుగా వదిలినారు. అందరూ కాదు. ఒకాయన ఇప్పటికీ వదల్లేదు, ఆయన మాతో మాట్లాడడు కూడా. కార్డు పడేసిన ఇద్దరిలో ఒకరు తిరిగి వచ్చినారు. రోడ్డు కింద పైపు పడడానికి ఇంకా ఏడాదిన్నర పట్టింది, అదీ మళ్లీ మళ్లీ పోయి కూర్చుంటేనే. పోయిన వానాకాలం నీళ్లు మొదటి తూము దాకా వచ్చినాయి. మరువ పారలేదు. కానీ కట్ట కింద రెండు చేదబావుల్లో నీళ్లు ఊరినాయి. పదేండ్ల తర్వాత ఊర్లో వరినారు పోసినారు. ఎకరా కాదు, అరెకరా. ఆ అరెకరా పచ్చదనం చూడడానికి బెంగుళూరులో ఉన్న పిల్లోళ్లు ఫోన్లో ఫోటోలు పంపమన్నారు.

ఈ కథ ఇంత పొడుగ్గా చెప్పింది గొప్పకు కాదు. రాజు తప్పు, కంపెనీ తప్పు, సర్కారు తప్పు అన్నీ నిజమే. అయితే ఆ లెక్కలో మన పేరు కూడా ఎక్కడో ఒక మూల ఉంది. ముందు దాన్ని కొట్టేసుకుంటే, పైవాణ్ని అడిగేటప్పుడు మన గొంతు వణకదు.

అందుకని ఈ తరగతుల నుంచి పోయేటప్పుడు నాలుగు పనులు తీసుకొని పోదాం.

ఒకటి. మీ ఊరి చెరువుకు, దాని కాలువకు సర్వే పటం తీయించండి. మీరే గొలుసు పట్టి కొలవండి. పటం లేకుండా అర్జీ ఇయ్యొద్దు.

రెండు. చెరువులు, ఊరి ఉమ్మడి నేలలు ఆక్రమణకు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో చెప్పింది, 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో ఇంకా గట్టిగా చెప్పింది. మన రాష్ట్రంలో 2002 నాటి వాల్టా చట్టం ఉంది. అర్జీలో ఈ మూడు పేర్లూ రాయండి. చదివే ఆఫీసరు సర్దుకొని కూర్చుంటాడు.

మూడు. 1997 చట్టం ప్రకారం నీటి వినియోగదారుల సంఘాలు ఉన్నాయి. అవి కాంట్రాక్టు బిల్లుల కోసం పుట్టిన సంఘాలు కావు. ఎన్నికలు వచ్చినప్పుడు చివరి మడి రైతును, కాలువ చివరన ఉండేవాణ్ని నిలబెట్టండి. నీళ్ల విలువ వాడికి తెలిసినంతగా తూము పక్కన ఉండేవాడికి తెలియదు.

నాలుగు. మీ పక్కన భూసేకరణ మాట వస్తే ముందు 2013 చట్టం చదవండి. రెండు పంటలు పండే నీటి భూమిని ఆఖరి మార్గంగానే తీసుకోవాలని అందులో ఉంది. ప్రైవేటు కంపెనీ కోసమైతే నూటికి 80 మంది, సర్కారు-ప్రైవేటు కలిసి చేసే ప్రాజెక్టు అయితే 70 మంది భూమి కోల్పోయేవాళ్లు ఒప్పుకోవాలి. కౌలు రైతు, కూలి మనిషి కూడా నష్టపోయినవాళ్ల లెక్కలోకి వస్తారు. ఈ మాట వాళ్లకు ఎవరూ చెప్పరు. మనమే ఇంటికి పోయి చెప్పాలి.

ఆ పిల్లోడి ప్రశ్నతోనే ముగిస్తాం. గగన్ మహల్‌తో మనకు పనేముంది? మహల్ దగ్గర పురావస్తు శాఖ బోర్డు ఉంది, గోడ మీద గీత గీస్తే కేసు పెడతారు. మంచిదే, కాపాడాల్సిందే, అది మనవాళ్ల చెమటే. అదే రాజులు, అదే కాలంలో, అదే జనం చేత కట్టించిన చెరువులు ఎన్నో ఉన్నాయి. వాటి దగ్గర బోర్డు లేదు. కట్ట తవ్వి మట్టి తోలుకుపోయినా అడిగేవాడు లేడు. రాజు పడుకున్న ఇంటికి కాపలా ఉంది, ఊరు తాగిన చెరువుకు లేదు.

ఆ కాపలా మనమే ఉండాలి. సాయంత్రం ఇండ్లకు పోయేటప్పుడు దారిలో మీ చెరువు కట్ట మీద ఒకసారి దిగండి. కట్ట ఈ చివర నుంచి ఆ చివరకు నడవండి. ఎన్ని చోట్ల తెగిందో, ఎన్ని చోట్ల కంప లేచిందో లెక్క రాసుకోండి. వచ్చే నెల కమిటీకి మీ దగ్గర నుంచి ఉపన్యాసం వద్దు, ఆ లెక్క తీసుకొని రండి.

సెలవు.